కెమెరా సందేహాలు: మైదానంలో రగ్బీ, నెత్తిన మబ్బులు

ఫాల్గుణం చివర్నుంచి వైశాఖం దాకా డెల్టా ఆకాశాన్ని నమ్మడానికి లేదు. పొద్దున తేట, మధ్యాహ్నం తెల్లటి పొగ, నాలుగింటికి కారుమబ్బు, ఆరింటికి బంగారపు ఎండ. కాలేజీ మైదానాల్లో శని, ఆదివారాలు జరిగే రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) పోటీలను ఈ ఆకాశంతో కలిపి తీయాలనుకునే పాఠకుల ప్రశ్నలు చాలా వచ్చాయి. ఈసారి పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: మా మైదానంలో రెండు రోజుల సెవెన్స్ పోటీలు. ఎండ, నీడ మారిపోతుంటే ఒక ఫొటోలో ఆకాశం తెల్లగా పేలిపోతోంది, పక్క ఫొటోలోనే ఆటగాళ్లు నల్లగా వస్తున్నారు. 70-200 లెన్స్, ఆటో ఐఎస్ఓ వాడుతున్నాను. లోపం ఎక్కడ?
— డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: లోపం ఆటో ఐఎస్ఓలోనే ఉంది. బంతి పట్టుకున్న కుర్రాడు తెల్ల మబ్బు ముందు నుంచి పరుగెత్తితే మీటరు ఆ తెలుపు చూసి వెలుతురు తగ్గించేస్తుంది, కుర్రాడు నల్లబడతాడు. అర సెకను తర్వాత అతడి వెనక కొబ్బరి తోట వస్తుంది. మీటరు ఆ ముదురు పచ్చ చూసి వెలుతురు పెంచేస్తుంది, ఆకాశం పోతుంది. మైదానం మీద పడే ఎండ మాత్రం ఆ అర సెకనులో మారనే లేదు. అందుకని షట్టరు (వెలుతురు లోపలికి పడే సమయం), అపర్చరు (లెన్స్ తెరుచుకునే వెడల్పు), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే చురుకు) మూడూ మీ చేతిలోనే ఉంచుకోండి.

అంకెలు ఇవీ. నిండు ఎండలో ఎఫ్ 5.6, 1/1600, ఐఎస్ఓ 200. సూర్యుడికి మామూలు తెల్ల మబ్బు అడ్డొస్తే వెలుతురు రెండు మూడు స్టాపులు (స్టాపు తగ్గిన ప్రతిసారీ వెలుతురు సగమవుతుంది) పడిపోతుంది కాబట్టి ఐఎస్ఓ 800 నుంచి 1600. కారుమబ్బు కమ్మేస్తే ఐదు స్టాపులు కూడా పడుతుంది. అప్పుడు 1/1600 పట్టుకుని వేలాడితే ఐఎస్ఓ 6400కు పోతుంది. ఎఫ్ 4కు తెరిచి, షట్టరు 1/800కు దించండి, 1600తోనే పని జరుగుతుంది. 1/800 దగ్గర పరుగెత్తేవాడి పాదం కాస్త చెదురుతుంది, ముఖం చెదరదు.

కెమెరాలో సొంత సెట్టింగులు దాచుకునే మోడ్‌లు ఉంటే ఎండ అంకెల్ని ఒకదానిలో, నీడ అంకెల్ని ఇంకోదానిలో వేసి పెట్టుకోండి. ఎప్పుడు తిప్పాలో తెలియడానికి పైకి చూడక్కర్లేదు, గడ్డి మీద చూడండి. మబ్బు నీడ అంచు మైదానం మీద స్పష్టంగా కదులుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే మబ్బు నీడ సెకనుకు అయిదున్నర మీటర్లు జరుగుతుంది. గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కు 100 మీటర్లు ఉన్న మైదానాన్ని దాటడానికి దానికి సుమారు 18 సెకన్లు పడుతుంది. నీడ అంచు అవతలి పోస్టుల దగ్గర కనిపించగానే వేలు డయల్ మీదికి వెళ్లిపోవాలి.

ఇక ఎక్స్‌పోజర్ ఎవరి కోసం? ఆకాశం కోసమే. ఎండ తగిలిన మబ్బు అంచు ఆటగాడి జెర్సీ కంటే రెండు మూడు స్టాపులు ఎక్కువ వెలుగుతో ఉంటుంది. అంచు తెల్లగా పేలిపోతే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. నల్లబడ్డ ముఖాన్ని మాత్రం రా ఫైలులో (కెమెరా దిద్దకుండా దాచే మూల ఫైలు) ఒకటిన్నర, రెండు స్టాపులు పైకి లేపొచ్చు. అయితే ఐఎస్ఓ 200, 400 దగ్గర లేపినప్పుడే శుభ్రంగా వస్తుంది. 3200 దగ్గర లేపితే నీడలన్నీ ఎర్రెర్రగా, ఇసుక చల్లినట్టు తేలతాయి. కాబట్టి నీడ వేళల్లో ఈ సూత్రం కొంచెం సడలించండి, అప్పుడు మబ్బుకీ ముఖానికీ తేడా ఎలాగూ తక్కువే. కెమెరాలో మితిమీరిన తెలుపు మిణుకుమని చూపే హెచ్చరిక ఉంటుంది, అది ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. సెవెన్స్‌లో ఒక్కో సగం 7 నిమిషాలు, మధ్యలో విరామం 2 నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో చేయాల్సిన పని ఒకటే: ఒక ఫొటో తీసి ఆ మిణుకులు చూసుకోవడం.

వైట్ బ్యాలెన్స్ ‘డేలైట్’ మీద కట్టేయండి. ఆటోలో ఉంటే మబ్బు వచ్చినప్పుడల్లా గడ్డి రంగు మారి, ఒకే మ్యాచ్ ఫొటోలు రెండు ఊళ్లలో తీసినట్టుంటాయి.

ప్రశ్న: ఆటగాడి వెనక పూర్తిగా ఆకాశమే రావాలని కింద కూర్చుని తీస్తున్నాను. అయినా తల వెనక కొబ్బరి చెట్లు వచ్చి పడుతున్నాయి.
— వ్యాయామ ఉపాధ్యాయుడు, రాజోలు

జవాబు: మన నేల బల్లపరుపు. బల్లపరుపు నేల మీద దిగంతరేఖ ఎప్పుడూ మీ కెమెరా ఎత్తులోనే పోతుంది. కెమెరా నేలకు అర మీటరు ఎత్తున ఉంటే, దగ్గరున్నవాణ్నీ దూరంగా ఉన్నవాణ్నీ కూడా అది మోకాలి దగ్గరే కోస్తుంది. అక్కడిదాకా మీరు చేసింది సరైనదే. కానీ దిగంతరేఖ మీద చెట్ల వరస ఉంది, లెక్క దాంతో చూడాలి.

చెట్ల ఎత్తును వాటి దూరంతో భాగించండి. 15 మీటర్ల కొబ్బరి చెట్లు 150 మీటర్ల అవతల ఉంటే పదో వంతు. ఆటగాడు కెమెరా కంటే ఎంత ఎత్తు లేస్తాడో దాన్ని మీకూ అతడికీ ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేది ఆ పదో వంతును దాటాలి. అయిదు ముప్పావు అడుగుల మనిషి అర మీటరు ఎత్తులో ఉన్న కెమెరాకు ఒకటింపావు మీటరు పైకి కనిపిస్తాడు. అంటే పన్నెండున్నర మీటర్ల లోపల ఉంటేనే తల చెట్ల పైకి వస్తుంది. భుజాలు కూడా రావాలంటే ఎనిమిది తొమ్మిది మీటర్లు. ఆ దూరంలో 200 మి.మీ. లెన్స్ పనికిరాదు. 24-70 తగిలించి టచ్‌లైన్ (పక్కగీత) బయట కూర్చోండి, ఆట మీ వైపు వచ్చేదాకా ఆగండి.

ఓపిక లేకపోతే లైనౌట్ కోసం చూడండి. బంతి పక్కగీత దాటాక లోపలికి విసిరేటప్పుడు తోటివాళ్లు ఒకణ్ని తొడలు పట్టి పైకెత్తుతారు. అతడి చేతులు మూడున్నర మీటర్ల దాకా పోతాయి. అదే లెక్కన అతణ్ని 30 మీటర్ల నుంచి కూడా ఆకాశంలో పెట్టొచ్చు. కన్వర్షన్ కిక్ (ట్రై, అంటే గోల్ లైన్ అవతల బంతిని నేలకు ఆనించడం, అయ్యాక పోస్టుల మధ్య నుంచి తన్నేది) కూడా మంచిదే. రగ్బీ పోస్టుల మధ్య 5.6 మీటర్లు, అడ్డకర్ర ఎత్తు 3 మీటర్లు, నిలువు కర్రలు ఇంకా పైకి. ఒక పోస్టు నుంచి రెండో పోస్టు దాకా ఫ్రేములో పట్టించి, అడ్డకర్ర మీద ముందే ఫోకస్ కట్టేసి, బంతి లేచేవేళకు నొక్కండి. సెవెన్స్‌లో కన్వర్షన్ డ్రాప్ కిక్, అంటే బంతి నేలకు తగిలి లేస్తుండగానే తన్నేస్తాడు. పదిహేను మంది ఆటలో లాగా బంతి నేల మీద నిలబెట్టి, గురి చూసి, ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు.

బంతి వెనక వట్టి బూడిద రంగు మబ్బే ఉంటే ఆటోఫోకస్ పట్టు దొరక్క ముందుకూ వెనక్కూ వెతుకుతుంది. అందుకే అడ్డకర్ర మీద ముందుగా కట్టేయమన్నది.

ప్రశ్న: ఉదయం తేటగా ఉంటుంది, ఫైనల్ వేళకు వాన. మంచి ఆకాశం ఎప్పుడు వస్తుందో ముందే తెలుసుకోవచ్చా?
— ఫొటో స్టూడియో యజమాని, రావులపాలెం

జవాబు: గడియారం చెప్పినంత కచ్చితంగా కాదు, కానీ గంట ముందు తెలుస్తుంది. పదింటికి దూదిపింజలు మొదలవుతాయి. మధ్యాహ్నానికి వాటి వెడల్పు కంటే ఎత్తు పెరుగుతుంటే సాయంత్రం ఉరుములున్నట్టే. ఎత్తు పెరగకుండా చిన్నవిగానే ఉండిపోతే వాన లేదు, మామూలు ఎండ-నీడ ఆట మాత్రమే. మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి చెమ్మను లోపలికి తోస్తుంది. వేడెక్కిన లోపలి ప్రాంతాల మీద మబ్బు పేరుకుని చాలాసార్లు వాయవ్య మూల నుంచి మన మీదికి దిగుతుంది. ఫోనులో వాతావరణ శాఖ వెబ్‌సైట్ తెరిచి మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్ చిత్రాలు చూడండి. పక్కపక్కన రెండు మూడు చిత్రాలు పోలిస్తే మబ్బు ఏ దిక్కుకు, ఎంత జోరుగా కదులుతోందో తేలిపోతుంది.

ఫొటోకు పనికొచ్చే వేళలు రెండు. మొదటిది వాయవ్యం నల్లబడి, సూర్యుడు ఇంకా మరుగున పడకముందు. ఉత్తరం వైపు తిరగండి: జెర్సీల మీద పక్కవాటు ఎండ, వెనక సిరా రంగు ఆకాశం. ఇది చాలా కొద్దిసేపే ఉంటుంది, ఆ వెనకే ఈదురుగాలి, దుమ్ము. దాళ్వా కోతలైన పొలాల మధ్య మైదానమైతే ఊక కూడా ఎగురుతుంది, ఆ క్షణంలో లెన్స్ మార్చకండి. రెండోది వాన తూర్పుకు పోయాక. ఏప్రిల్ నడిమికి మన దగ్గర పొద్దు సుమారు ఆరుంబావుకు కుంకుతుంది. అయిదున్నరకు వాన వెలిసి పడమట మబ్బు కింద కంత పడితే ఎండ అడ్డంగా వచ్చి కొడుతుంది. పడమటి టచ్‌లైన్‌కు పరుగెత్తి, సూర్యుణ్ని వీపున పెట్టుకోండి. వాన గాలిలోని దుమ్మును కడిగేస్తుంది కాబట్టి రోజు మొత్తంలో రంగులు నిక్కంగా పలికేది ఆ కాసేపే. నిర్వాహకులతో పరిచయం ఉంటే ఫైనల్ అయిదున్నరకు పెట్టమని అడిగి చూడండి, పోయేదేముంది.

ప్రశ్న: ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఆకాశం నీలంగా రావడానికి పోలరైజర్ కొన్నాను. తిప్పినా పెద్దగా తేడా లేదు. ఫిల్టర్ నాసిరకమా?
— భీమవరం

జవాబు: ఫిల్టర్‌ను తిట్టకండి. పోలరైజర్ గట్టిగా పనిచేసేది సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశపు పట్టీ మీదే. ఏప్రిల్‌లో మన దగ్గర మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, మే మొదటి వారంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దేశం గడియారాన్ని నడిపే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దాపునే పోతుంది కాబట్టి మన గడియారం పన్నెండుకూ సూర్యుడి పన్నెండుకూ తేడా కొద్ది నిమిషాలే. నడినెత్తికి 90 డిగ్రీలంటే చుట్టూ దిగంతమే. సరిగ్గా అక్కడే చెమ్మ, దుమ్ము, గడ్డి కాల్చిన పొగ పేరుకుని ఉంటాయి. పొగ మీద పోలరైజర్ పాచిక పారదు.

సాయంత్రం నాలుగు తర్వాత వాడండి. సూర్యుడు పడమటికి దిగితే ఆ పట్టీ ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోతుంది. ఉత్తరం వైపు పోస్టులు తీస్తే మబ్బు తెల్లగా ఉబ్బి, వెనక నీలం చిక్కబడుతుంది. వైడ్ లెన్స్‌తో మాత్రం ఆకాశం ఒక పక్క ముదురు, ఒక పక్క లేతగా చారలు పడుతుంది. 35 మి.మీ. కంటే వెడల్పుకు పోకండి. ఫిల్టర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుందని, ఆట తీసేటప్పుడు ఐఎస్ఓ ఆ మేరకు పెంచాలని గుర్తుంచుకోండి. కారుమబ్బు వస్తే విప్పేయండి, అప్పుడు అది వట్టి నల్లద్దం.

ప్రశ్న: మా అమ్మాయి ఎడిన్‌బరోలో చదువుతోంది. మార్చిలో సిక్స్ నేషన్స్ రగ్బీ వారాంతంలో మిట్టమధ్యాహ్నం ఇంద్రధనుస్సు ఫొటో పంపింది. ఇక్కడ వాన పడ్డా మధ్యాహ్నం ఎప్పుడూ కనిపించదేం?
— రిటైర్డ్ లెక్చరర్, రాజమహేంద్రవరం

జవాబు: ఇంద్రధనుస్సు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున, ఆ ఎదురు బిందువు చుట్టూ 42 డిగ్రీల వలయంగా ఏర్పడుతుంది. సూర్యుడు 42 డిగ్రీల కంటే ఎత్తున ఉంటే వలయం మొత్తం నేల కిందికి పోతుంది. ఎడిన్‌బరో 56 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి నడిమిలో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 32 డిగ్రీలు దాటడు. జల్లు పడి ఎండ కాస్తే చాలు, రోజులో ఏ వేళైనా ధనుస్సు రావొచ్చు. మధ్యాహ్నమైతే ఉత్తరాన, దిగంతానికి పది డిగ్రీల ఎత్తులో చాపలా పరుచుకుని ఉంటుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్, ఐర్లాండ్, ఇటలీ, స్కాట్లాండ్, వేల్స్ తలపడే ఆ పోటీలు ఫిబ్రవరి, మార్చిలలోనే కాబట్టి అమ్మాయికి ఆ అవకాశం మళ్లీ మళ్లీ వస్తుంది. స్టేడియం లోపలికి పెద్ద లెన్స్ తీసుకుపోనిస్తారో లేదో టికెట్ నిబంధనల్లో ముందే చూసుకోమనండి.

ఇక్కడ ఏప్రిల్ నడిమిలో సూర్యుడు 42 డిగ్రీల కిందికి దిగేసరికి మూడుంబావు దాటుతుంది. అంతకు ముందు వెతకడం దండగ. అయిదింటికి ధనుస్సు పైభాగం సుమారు 25 డిగ్రీల ఎత్తున, అయిదు ముప్పావుకు 35 డిగ్రీల ఎత్తున ఉంటుంది. తూర్పు వైపు చూడాలి. మొత్తం విల్లు పట్టాలంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 20 మి.మీ. కంటే తక్కువ లెన్స్ కావాలి. 18-55 కిట్ లెన్స్ ఉన్న చిన్న సెన్సర్ కెమెరాకు అది సాధ్యం కాదు, ఒక కాలు తీసుకుని దాని కింద స్క్రమ్ (రెండు జట్లవాళ్లు భుజాలు కలిపి తోసుకునే గుంపు) పెట్టండి, అదే బాగుంటుంది కూడా. పోలరైజర్ తగిలించి ఉంటే మెల్లగా తిప్పి చూడండి: ఒక చోట రంగులు చిక్కబడతాయి, ఇంకో చోట విల్లులో కొంత భాగం మాయమవుతుంది.

ప్రశ్న: నా దగ్గర ఫోను మాత్రమే ఉంది. మా పాప మ్యాచ్, పైన మబ్బులు రెండూ రావాలి.
— గృహిణి, కాకినాడ

జవాబు: జూమ్ మర్చిపోండమ్మా. ఫోను బలం వెడల్పు చూపడంలో ఉంది, దూరం లాగడంలో లేదు. తెర మీద మబ్బు అంచును వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ అక్కడే ఆగిపోతాయి. తర్వాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి లాగండి. హెచ్‌డీఆర్ తీసేయగలిగితే తీసేయండి, అది రెండు మూడు ఫొటోలు కలిపి ఒకటి చేస్తుంది కాబట్టి పరుగెత్తే పాప ఒక్కో కాలు రెండుగా వస్తుంది. బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీసే సౌకర్యం కొన్ని ఫోన్లలో ఉంది. ఎండలో ఫోను వేడెక్కితే తెర వెలుగు తగ్గిపోయి ఫొటోలన్నీ చీకటిగా ఉన్నట్టు అనిపిస్తుంది, కంగారుపడి వెలుతురు పెంచకండి. వెనక కవర్ తీసేసి, నీడలో పది నిమిషాలు ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు.

ప్రశ్న: ఏసీ గదిలోంచి మైదానానికి రాగానే లెన్స్ మీద ఆవిరి. తుడిచినకొద్దీ మళ్లీ వస్తోంది.
— నరసాపురం

జవాబు: ఎండాకాలం తీర ప్రాంతపు గాలిలో చెమ్మ నీరుగా మారడానికి 25 డిగ్రీల చల్లదనం చాలు. మీ లెన్స్ 22 డిగ్రీల గదిలోంచి వచ్చింది. గాజు వేడెక్కేదాకా పడుతూనే ఉంటుంది, తుడిస్తే గీతలు తప్ప లాభం లేదు. కెమెరాను గదిలోనే జిప్ కవర్లో పెట్టి, కవరును సంచిలో పెట్టి, మ్యాచ్‌కు 40 నిమిషాల ముందే బయటికి తీసుకురండి. నీరు కవరు పైన పడుతుంది, లోపలిది పొడిగా ఉంటుంది. ఆవిరి పట్టి ఉండగా లెన్స్ విప్పారంటే సెన్సర్ మీద కూడా పడుతుంది. ఇంటికి వెళ్లాక తడి సంచిలోనే వదిలేస్తే లెన్స్ లోపల బూజు పడుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బా, అందులో సిలికా జెల్, చెమ్మ చూపే చిన్న మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి.

ప్రశ్న: పోస్టుల వెనక మెరుపు తీయాలని ఉంది. ఏ సెట్టింగ్?
— యానాం

జవాబు: మైదానంలో నిలబడి తీసే సెట్టింగ్ లేదు. మెరుపు చూసిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు. ఆట ఆపించండి, పక్కా భవనంలోకి లేదా తలుపులు మూసిన కారులోకి వెళ్లండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా రావొద్దు. కొబ్బరి, తాటి చెట్ల కిందికి అసలు పోవద్దు. ‘దామిని’ యాప్ దగ్గర్లో పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది.

భవనం లోపలి నుంచైతే పొద్దుకుంకాక ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 8 నుంచి 10 సెకన్లు, ఫోకస్ చేత్తో దూరపు దీపం మీద కట్టేసి, వరసగా తీస్తూ పోండి. పగలు అయితే 4కె వీడియో తీసి, మెరిసిన ఫ్రేమును విడదీసుకోండి. 8 మెగాపిక్సెల్ వస్తుంది, 12×8 అంగుళాల ప్రింటుకు ఢోకా లేదు.

ప్రశ్న: బర్స్ట్‌లో (వరసగా చకచకా) తీస్తుంటే సరిగ్గా ట్రై పడే సమయానికి కెమెరా మొరాయిస్తోంది.
— తణుకు

జవాబు: 25 ఎంబీ రా ఫైళ్లు సెకనుకు పది అంటే 250 ఎంబీ. సెకనుకు 80 ఎంబీ రాసే కార్డు దాన్ని మింగలేదు, బఫర్ (కెమెరా లోపలి తాత్కాలిక జాగా) నిండిపోతుంది. పరుగు మొదట్నుంచీ నొక్కి పట్టుకోకండి. గోల్ లైన్‌కు అయిదు మీటర్లలోపు వచ్చాక ఐదారు ఫ్రేములు చాలు.

ప్రశ్న: ఒక మ్యాచ్ మొత్తం మబ్బుల టైమ్‌లాప్స్ చేస్తే ఎన్ని సెకన్ల వీడియో వస్తుంది?
— డిప్లొమా విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: విరామంతో కలిపి 16 నిమిషాలంటే 960 సెకన్లు. మూడు సెకన్లకొక ఫొటో తీస్తే 320. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున సుమారు 13 సెకన్ల వీడియో. మబ్బు మెల్లగా కదిలే రోజున అయిదు సెకన్లకొకటి చాలు, కానీ అప్పుడు రెండు మ్యాచ్‌లు తీయాలి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ మాన్యువల్‌లో ఉంచండి, లేకపోతే వీడియో మినుకుమినుకుమంటుంది. ఆటగాళ్లు గెంతుతున్నట్టు కనిపించకుండా ఉండాలంటే 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం) పెట్టండి. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 8 దగ్గర 1/400 ఉండే షట్టరు 1/6కు దిగుతుంది. మనుషులు సాగిన రంగుల్లా, మబ్బులు నున్నగా వస్తాయి. ట్రైపాడ్ కాళ్ల మధ్య ఇసుక సంచి కట్టండి, అయిదింటి గాలి దాన్ని ముందు పడేస్తుంది.